సాంచెలు ఆపేది లేదు

నేత ఇళ్ళలో సగటు చప్పుడు యాభై రెండు డెసిబెల్స్ అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

తంగళ్ళపల్లి బడి హాల్లో ముందు కుర్చీల్లో సార్లు, మేడంలు కూర్చున్నారు. వెనక జంపఖానా మీద నేత ఇళ్ళ జనం. ఎవరి పిల్లల గురించి చెబుతున్నారో వాళ్ళు నేల మీద, చెప్పేవాళ్ళు కుర్చీల మీద. దాన్నెవరూ పట్టించుకోలేదు. అందరూ తెర వైపే చూస్తున్నారు.

తెర పక్కన నిలబడి చెబుతున్నది డాక్టర్ స్వప్న. పిల్లల డాక్టరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లల ఆరోగ్యం మీద రెండేళ్ళుగా నడుస్తున్న పరిశోధనకు ఆమే పెద్ద. బరువు, ఎత్తు, రక్తం, చూపు, వినికిడి, చదువు, చివరికి ఇంట్లో గాలీ చప్పుడూ కూడా కొలిచారు. ఏ చోట పిల్లలకు అవసరం ఎక్కువుందని అంకెలు చెబితే ఆ చోట వారానికోసారి క్లినిక్ పెడతారు. చెవి డాక్టరు, కంటి డాక్టరు, మాట నేర్పే మనిషి, బడి వాళ్ళతో మాట్లాడే మనిషి, అందరూ ఒకే కప్పు కింద, ఒకే రోజు. ఆలోచన మంచిదే. చిక్కంతా ఆ యాభై రెండుతోనే.

"డాక్టరమ్మా!" జంపఖానా మీద నుంచి సమ్మవ్వ చెయ్యెత్తింది. "యాబై రెండంటే ఎంత?"

"ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నంత, అవ్వా. మైకు లేకుండా."

వెనక జనం గొల్లుమన్నారు. పక్కింటి పోశం అందరికంటే గట్టిగా అన్నాడు: "అట్లయితే మా సాంచెలు గుసగుస వెడ్తున్నయన్నట్టు!"

సాంచె అంటే మరమగ్గం. ఆ వాడలో ప్రతి ఇంటి వెనకా రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచెలు. తెల్లారింది మొదలు కరెంటు ఉన్నంతసేపూ కొట్టుకుంటూనే ఉంటాయి. గుసగుస పెట్టే సాంచెను ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకే నవ్వారు.

సమ్మవ్వ నవ్వలేదు. ఆ యాభై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థమైపోయింది. ఇచ్చింది తనే.

స్వప్న తర్వాతి బొమ్మకు పోయింది. జగిత్యాలలో ఒక క్లినిక్, కోరుట్లలో ఒకటి. సిరిసిల్ల వైపు నేత వాడలకు ఈ విడతలో లేదు. ఇక్కడ కొందరు పిల్లలకు వినికిడి తక్కువున్న మాట నిజమే, కానీ ఇంట్లో చప్పుడు మామూలే కాబట్టి కారణం ఇంకేదో అయి ఉండాలి, వంశం నుంచి వచ్చి ఉండొచ్చు, వచ్చే విడతలో చూద్దాం అంది. వచ్చే విడత మూడేళ్ళకు.

సమ్మవ్వ తన భుజానికి ఆనుకుని కూర్చున్న మనవరాలిని చూసింది. అక్షితకు పన్నెండేళ్ళు. పిల్ల డాక్టరు పెదాల మీది నుంచి చూపు తిప్పడం లేదు. డాక్టరు తెర వైపు తిరిగినప్పుడల్లా మాత్రం బిక్కమొహం వేస్తోంది.

"ఏమన్నదే బాపమ్మా?" హాలంతా వినబడేంత గట్టిగా అడిగింది. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు.

సమ్మవ్వ వేళ్ళు తిప్పి సైగ చేసింది. మనకు లేదంట.

*

సమ్మవ్వది పెగడపల్లి. పెనిమిటి రాజమల్లు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన పోయాక కొడుకు శ్రీశైలం సిరిసిల్ల వచ్చి సాంచెల పని నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు తంగళ్ళపల్లిలో ఇంటి వెనకే ఎనిమిది సాంచెలు పెట్టుకున్నాడు. పెట్టిన మొదటి ఏడే సమ్మవ్వ తమ్ముడు చంద్రయ్య అక్కను చూద్దామని వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి పిలిచాడు, తలుపు కొట్టాడు, మళ్ళీ పిలిచాడు. సాంచెల చప్పుడులో లోపల ఎవరికీ వినబడలేదు. అక్కకు బరువయ్యాననుకొని బస్సెక్కి పోయాడు. ఏడాది మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో సమ్మవ్వ చట్టం ఒకటి నడుస్తోంది. గుమ్మంలో మనిషి కనబడితే సాంచెలు ఆగాలి. వచ్చిన మనిషి మాట వినని ఇల్లు ఇల్లేనా అనేది. ఆ చట్టం మెల్లగా వాడంతా పాకింది.

సర్వే చేసే కరుణాకర్ కోరుట్ల నుంచి మూడు నెలలకోసారి బండి మీద వచ్చేవాడు. బండి మలుపు తిరగగానే ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో సాంచెలు బందు. కరుణాకర్ కుర్చీలో కూర్చొని, చాయ్ తాగి, చప్పుడు కొలిచే మీటరు బల్ల మీద పది నిమిషాలు పెట్టి, ప్రశ్నలడిగి, అంకె రాసుకొని పోయేవాడు. బండి వాడ దాటగానే సాంచెలన్నీ మళ్ళీ మొదలు. రెండేళ్ళలో ఎనిమిది సార్లు వచ్చాడు. అరవై ఒక్క ఇళ్ళు. ఒక్క ఇల్లు కూడా మర్యాద తప్పలేదు.

అక్షిత పెరిగింది ఆ చప్పుడులోనే. ఉయ్యాల కట్టింది షెడ్డు గోడకు ఇవతలి వైపు. సాంచెల మధ్య పని చేసేవాళ్ళు గొంతు వాడరు, పెదాలు కదిపి, వేళ్ళు తిప్పి మాట్లాడుకుంటారు. పిల్ల కూడా పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చింది. అందుకే వినబడటం తగ్గిపోతోందని ఇంట్లో పదేళ్ళ దాకా ఎవరికీ తెలియలేదు. బడిలో తెలిసింది, అదీ మొద్దు అనే పేరుతో. పొడుగు పిల్ల అని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి టీచరు పెదాలు కనబడవు.

తల్లి కల్పన కండెలకు నూలు చుట్టే పని మానుకొని పిల్లను తీసుకొని తిరిగింది. చెవి పరీక్ష జగిత్యాలలో. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, చెవి మిషన్ పెట్టించండి అన్నాడు అక్కడి డాక్టరు. మిషన్లిచ్చే క్యాంపు కోరుట్లలో. అక్కడివాళ్ళు సిరిసిల్ల నుంచి ఇంకో కాగితం తెమ్మన్నారు. అది తెచ్చేసరికి క్యాంపు ఎత్తేశారు. మాట నేర్పే ఆమె నెలకొక రోజు వస్తుందట, ఏ రోజో చెప్పేవాళ్ళు లేరు. ఒక్క పిల్లను ముక్కలు చేసి, చెవి ఒక ఊరికి, నోరు ఒక ఊరికి, చదువు ఇంకో ఊరికి తీసుకుపొమ్మంటే ఏ తల్లి మాత్రం ఎన్నాళ్ళు తిరుగుతుంది?

వాడకు క్లినిక్ వస్తే ఆ తిరుగుడు ఆగుతుంది. అక్షిత ఎనిమిదో తరగతికి పోయేలోపు చెవికి మిషన్ పడుతుంది. రాకపోతే ఇంకో మూడేళ్ళు. మూడేళ్ళ సాంచెలు ఆ మిగిలిన కాస్త వినికిడిని ఏం చేస్తాయో చెప్పడానికి ఏ డాక్టరూ అక్కర్లేదు.

*

మీటింగు అయిపోగానే బడి గేటు దగ్గర సమ్మవ్వ కరుణాకర్ బండి హ్యాండిలు పట్టుకుంది.

"కొడుకా, నువ్వు అచ్చిన ప్రతిసారి మేం సాంచెలు బందు వెట్టినం. నీకు తెల్వదా?"

"తెల్సు అవ్వా."

"తెల్సి ఎందుకు రాయలే?"

"ఫారంల గా ప్రశ్న లేదవ్వా. మీటరు పెట్టినప్పుడు సాంచెలు నడుస్తున్నయా అని ఎక్కడ అడగలే. ఉన్న డబ్బాలు నింపుడే మా పని." కరుణాకర్ కిందికి చూశాడు. "ఇంకోటేందంటే, మీరు ఆపితెనే నాకు మీ జవాబులు ఇనబడ్తయి. నాకూ మంచిగనే అనిపించింది."

"మంచిగనిపించిందా! నీ మంచికి నా మన్మరాలు మొద్దయిందిరా!"

"అవ్వా, కోపం చెయ్యకు. ఆపింది మీరు గదా."

సమ్మవ్వ చెయ్యి హ్యాండిలు మీది నుంచి జారింది. వచ్చినవాళ్ళ మాట వినాలని ఆపింది. వాళ్ళు తన మాట వినిపోయారా అంటే, లేదు.

"నేనే ఆపిన," అంది చివరికి. "ఇప్పుడు మల్ల పెట్టుమను మీటరు."

"ఇప్పుడే లోపల మేడంను అడిగిన. లెక్కలు క్లోజ్ అయినయన్నది. గురువారం రిపోర్టు పైకి పోతది."

ఆ రోజు సోమవారం.

ఇంటికొచ్చి సంగతి చెబితే శ్రీశైలం తల అడ్డంగా ఊపాడు. "అవ్వా, సోంచాయించు. చప్పుడు ఎక్కువున్నదని పైకి పోతే ఇండ్లల్ల సాంచెలు తీసెయ్యుమంటరు. అప్పుడేం తిందాం?"

"తీసెయ్యుమంటే అప్పుడు కొట్లాడుదాం. షెడ్డుకు వాడ అవతల జాగ ఇయ్యుమని అడుగుదాం. ఇప్పుడైతే అడుగుడానికి నోరే లేకపాయె. మన సాంచెలు గుసగుస వెడ్తున్నయని రాసుకపోయిన్రు!"

"పోనియ్యరాదే. ఊర్ల అందరిదీ గంతే గద."

కండెల బుట్ట పక్కన పెట్టి కల్పన లేచింది. "పోనియ్యాల్నా? పిల్లను తోల్కొని నువ్వు ఒక్కపారన్న బస్సెక్కినవా? కోరుట్ల క్యాంపు కాడ పొద్దుగూకే దాక నిలబడ్డవా? నిలబడ్డోళ్ళం మాట్లాడుతున్నం, నువ్వు ఊకో."

కల్పన గూట్లోంచి పాలిథిన్ కవరు దించింది. రెండేళ్ళ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. పరిశోధనలో చేరినప్పుడు సంతకాలు పెట్టించుకున్న సమ్మతి పత్రాలూ ఉన్నాయి. తల్లిదండ్రులది ఒకటి, అక్షితది ఒకటి. పిల్ల ఒప్పుకోనిదే పిల్లను పరీక్షించరట. ఆ రోజు అక్షిత తన పేరు వంకర టింకరగా రాసి, కింద గీత కూడా గీసింది.

"సదువు బిడ్డా," అంది సమ్మవ్వ. "మనం ఏం ఒప్పుకున్నమో సూద్దాం."

అక్షిత గట్టిగా, కొన్ని అక్షరాలు మింగేస్తూ చదువుకుంటూ పోయింది. ఐదో అంశం దగ్గర ఆగింది. పాల్గొనేవారు ఏ సమయంలోనైనా, ఏ కారణమూ చెప్పకుండా, ఈ అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు. తమ వివరాలను తీసివేయమని కోరవచ్చు.

"అంటే?"

"మనం ఇచ్చింది మనం వాపస్ తీస్కోవచ్చు బాపమ్మా."

సమ్మవ్వ ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించుకుంది. తర్వాత కల్పనతో కరుణాకర్‌కు ఫోన్ చేయించింది. అరవై ఒక్క ఇళ్ళూ తప్పుకుంటే ఏమవుతుంది?

"సిరిసిల్ల దిక్కు లెక్కనే ఉండదక్కా," అన్నాడు కరుణాకర్. "రిపోర్టు ఆగుతది. నా నౌకరి కూడ పోతదేమో."

సమ్మవ్వ ఫోన్ లాక్కుంది. "పోతే మా షెడ్డుకు రా కొడుకా. పని నేర్పుతం. నీకు చప్పుడు కొలిచే తిప్పలు కూడ ఉండది."

మంగళవారమంతా అత్తాకోడళ్ళు తప్పుకుంటున్నామని రాసిన కాగితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. కొందరు వెంటనే సంతకం పెట్టారు. కొందరు భయపడ్డారు, సర్కారు వాళ్ళు ఏమైనా బంద్ చేస్తారేమోనని. పోశం మాత్రం పెన్ను చేతిలో పట్టుకొని గంటసేపు సతాయించాడు.

"మీటింగుల నవ్విందే నువ్వు గదా," అంది సమ్మవ్వ. "నవ్వి ఊకుంటవా, సంతకం పెడ్తవా?"

పొద్దుగూకేసరికి అరవై ఒక్క సంతకాలయ్యాయి. కల్పన అన్నిటినీ ఫోటోలు తీసి కరుణాకర్‌కు పంపింది.

*

బుధవారం పదకొండింటికి కారు వాడలోకి వచ్చింది. స్వప్న దిగింది, వెనక మీటరు సంచితో కరుణాకర్. గుమ్మంలో మనిషి కనబడగానే షెడ్డులో శ్రీశైలం చెయ్యి దానంతట అదే మెయిన్ స్విచ్చి మీదికి పోయింది.

సమ్మవ్వ షెడ్డు తలుపులో అడ్డంగా నిలబడి పెదాలు కదిపింది. వద్దు.

శ్రీశైలం తల్లి మొహం చూశాడు. చెయ్యి తీశాడు.

స్వప్న లోపలికి వచ్చింది. నోరు కదిలింది. ఏమీ వినబడలేదు. దగ్గరికొచ్చి అరిచింది. అరుపు సాంచెల చప్పుడులో కలిసిపోయింది. చేత్తో స్విచ్చి తిప్పినట్టు చూపించింది, కాస్త ఆపండి అని. సమ్మవ్వ తల అడ్డంగా ఊపి, మనవరాలిని ముందుకు తోసింది.

అక్షిత నోటు పుస్తకం పట్టుకొని ఇద్దరి మధ్య నిలబడింది. డాక్టరు అరవాల్సిన పని లేదు. పెదాలు కదిపితే చాలు, పిల్ల చదివేస్తోంది. చదివి బాపమ్మకు పెదాలతో చెబుతోంది. బాపమ్మ జవాబును పెద్ద పెద్ద అక్షరాలతో రాసి డాక్టరుకు చూపిస్తోంది. ఆ ఇంట్లో ఆ క్షణాన చదువుకున్న డాక్టరమ్మకు ఏమీ వినబడటం లేదు, మొద్దు అనిపించుకున్న పిల్లకు అన్నీ తెలుస్తున్నాయి.

సంతకాలు వెనక్కి తీసుకుంటే మీకే నష్టం అంది డాక్టరు.

పుస్తకంలో జవాబు వచ్చింది: ఉంటే లాభం ఏముండె?

బయటికి పోయి మాట్లాడుకుందాం.

మా పిల్లలు ఉండేది బయట కాదు.

ఇట్లా ఎట్లా మాట్లాడాలి?

మేం రోజూ ఇట్లనే మాట్లాడుకుంటం.

స్వప్న మొహం ఎర్రబడింది. వెళ్ళిపోవడానికి అన్నట్టు వెనక్కి తిరిగింది. తిరిగే సమయానికి కరుణాకర్ మీటరు తీసి బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ పెట్టమనలేదు. రెండేళ్ళుగా ఆ బల్ల మీదే పెట్టాడు. అంకె తొంభై దాటి, అటూ ఇటూ ఊగి, తొంభై ఆరు దగ్గర నిలబడింది.

డాక్టరు ఆ అంకె చూసి ఆగిపోయింది.

సమ్మవ్వ రెండు చేతుల వేళ్ళూ చాపింది. పది. ఎప్పుడూ పెట్టినట్టే పది నిమిషాలు. తర్వాత కుర్చీ చూపించింది.

స్వప్న కూర్చుంది. కల్పన చాయ్ తెచ్చింది. గ్లాసులో చాయ్ పైన సన్నగా వణుకుతోంది. మూడో నిమిషానికి డాక్టరు చేతులు చెవుల దగ్గరికి పోయాయి. ఐదో నిమిషానికి కళ్ళు మూసుకుంది. సమ్మవ్వ ఎదురుగా నిలబడే ఉంది. ఇంటికొచ్చిన మనిషిని ఇట్లా కూర్చోబెట్టడం ఆమె బతుకులో ఇదే మొదలు. చంద్రయ్య గుమ్మం ముందు నిలబడి పిలిచిన సంగతి గుర్తొస్తూనే ఉంది. అయినా స్విచ్చి వైపు చూడలేదు.

పది నిమిషాలయ్యాక అందరూ వాకిట్లోకి వచ్చారు. స్వప్న చెవుల మీద అరచేతులు పెట్టి తీసింది, మళ్ళీ పెట్టింది.

"గుయ్యిమంటున్నది," అంది కరుణాకర్‌తో. "చెవుల్లో కీచుమని ఒకటే సప్పుడు." సొంతూరు జగిత్యాల మాట బయటపడింది, హాల్లో మాట్లాడిన మాట కాదది.

అక్షిత ఆమె పెదాలు చూస్తోంది. "మీకు ఇంతకుముందు లేకుండెనా మేడం?"

"ఏది?"

"గా గుయ్యిమనేది. నాకెప్పటికి ఉంటది. పండుకున్నా ఉంటది. అందరికుంటది గావచ్చనుకున్న."

కల్పన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తల్లీ అడగలేదు, బాపమ్మా అడగలేదు, ఎనిమిది సార్లు వచ్చిన ఫారమూ అడగలేదు.

స్వప్న పిల్ల ఎదురుగా, వెలుగు తన మొహం మీద పడేట్టు తిరిగి, మెల్లగా అంది: "ఉండదు అక్షితా. అందరికీ ఉండదు."

"మరి నాకు పోతదా?"

"తెలవదు. ఉన్న వినికిడిని మాత్రం కాపాడాలె." తర్వాత సమ్మవ్వ వైపు తిరిగింది. "రేపు రిపోర్టు పోనియ్యను అవ్వా. మాటిస్తున్న."

"మాట వద్దు బిడ్డా. మాట ఇనబడకనే నా తమ్ముడు ఏడాది దూరమైండు. కాయిదం మీద రాసియ్యి."

"నన్ను నమ్మవా?"

"నమ్మి రెండేండ్లు చాయ్ పోసిన."

స్వప్న అరుగు మీద కూర్చొని రాసింది. సాంచెలు ఆపినప్పుడు కొలిచిన అంకెలు చెల్లవని, అరవై ఒక్క ఇళ్ళలోనూ సాంచెలు నడుస్తుండగా మళ్ళీ కొలవాలని, అంతవరకు క్లినిక్ చోట్లు తేల్చకూడదని, పిల్లల వినికిడికి ఇంటి చప్పుడు కారణం కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని. కింద సంతకం, తారీఖు. కల్పన దాన్ని రెండుసార్లు చదివి పాలిథిన్ కవరులో పెట్టింది.

"పైవాళ్ళు ఒప్పుకుంటరో లేదో చెప్పలేను," అంది స్వప్న.

"ఒప్పుకోకుంటే ఆళ్ళను గూడ తోల్కరా," అంది సమ్మవ్వ. "కుర్చీలున్నయి."

కరుణాకర్ కొత్త సమ్మతి పత్రం తీసి అక్షిత ముందు పెట్టాడు. మళ్ళీ చేరాలంటే మళ్ళీ సంతకం కావాలి. అక్షిత పెన్ను తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు. ఫారం మొత్తం పైనుంచి కిందికి చదివింది. డబ్బాలన్నీ చూసింది.

"ఇందుల ఇంకో డబ్బా కొట్టుండ్రి మేడం."

"ఏ డబ్బా?"

"మీటరు పెట్టినప్పుడు సాంచెలు నడుస్తున్నయా అని. అది లేంది నేను సంతకం పెట్ట. ఇంకోటి, నన్ను అడిగేటప్పుడు నా దిక్కు మొకం పెట్టి అడుగాలె. తెర దిక్కు తిరిగి చెప్తే నాకు తెల్వది."

స్వప్న పెన్నుతో ఫారం అంచున గళ్ళు గీసి ఆ ప్రశ్న రాసింది. రెండోదీ రాసింది. అక్షిత ఆ కాగితం తీసుకొని లోపలికి పోయింది. బల్ల మీద మీటరు ఇంకా ఉంది. ఎనిమిది సాంచెలూ నడుస్తున్నాయి. అంకె తన కళ్ళతో చూసి, అవును అన్న గడిలో టిక్కు కొట్టి, పక్కన తొంభై ఆరు అని రాసి, అప్పుడు తన పేరు రాసింది. కింద గీత ఈసారి గట్టిగా గీసింది.

అంతలో పోశం పరుగున వచ్చి వాకిట్లో కారునూ డాక్టరునూ చూశాడు. "సమ్మక్కా, మా ఇంటికి గూడ అస్తున్నరా? సాంచెలు బందు వెట్టాల్నా?"

"బందు వెట్టినవంటే," అంది సమ్మవ్వ, "నేనచ్చి నీ స్విచ్చి కాడ కూసుంట."